పాలు చేపడం నుంచి ఎదకు రావడం దాకా: మేతతో, పితికే పద్ధతితో ఆవు హార్మోన్లను సరిచూసుకునే విధానం

బెంగళూరు చుట్టూ హొసకోటె, మాలూరు, దేవనహళ్ళి, ఆనేకల్ పల్లెల్లోనూ, నగరం లోపల యలహంక వంటి చోట్ల ఇంకా మిగిలి ఉన్న కొట్టాల్లోనూ సీమావులను పెంచే తెలుగువారు మాటిమాటికీ అడిగే ప్రశ్నలు రెండు. దాణా తగ్గించకపోయినా పూటకు లీటరు, లీటరున్నర పాలు ఎందుకు తగ్గుతున్నాయన్నది మొదటిది. ఈని మూడు నెలలు దాటినా ఆవు ఎదకు ఎందుకు రావడం లేదన్నది రెండవది. రెండింటికీ హార్మోన్లే కారణమని ఎవరో ఒకరు చెబుతారు, ఆ వెంటనే సూదిమందో టానిక్కో చేతికొస్తుంది.

కారణం హార్మోన్లే అనడం చాలాసార్లు నిజం. అయితే ఆ హార్మోన్లు ఎప్పుడు, ఎంత విడుదల కావాలో ఆవు శరీరం నిర్ణయించుకునేది రోజూ గాడిలో పడే మేతను బట్టి, పొదుగు మీద పడే చేతిని బట్టి. ఈ మార్గదర్శి ఆ రెండింటినీ సరిదిద్దుకునే క్రమాన్ని చెబుతుంది. ఇందులోని కొలతలు 400 నుంచి 500 కిలోల బరువుండి, రోజుకు 10 నుంచి 20 లీటర్ల దాకా పాలిచ్చే హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్), జెర్సీ సంకరజాతి ఆవులకు వర్తిస్తాయి.

1. ముందుగా సమస్య ఏ గడియారానిదో తేల్చుకోండి

ఆవు శరీరంలో రెండు గడియారాలు నడుస్తుంటాయి. మొదటిది నిమిషాల గడియారం. పొదుగును తాకినప్పుడు ఆ స్పర్శ నరాల ద్వారా మెదడుకు చేరి, పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది. అది పొదుగును చేరి, పాల తిత్తుల చుట్టూ ఉన్న సన్నని కండర కణాలను బిగిస్తే పాలు కిందికి దిగుతాయి. చేపడమంటే ఇదే. పితకడానికి ముందు పొదుగులో ఉన్న పాలలో సుమారు అయిదో వంతు మాత్రమే చన్నుల పైనున్న ఖాళీలో సిద్ధంగా ఉంటుంది. మిగిలినదంతా తిత్తుల్లోనే ఉంటుంది కనుక చేపు రానిదే చేతికి రాదు.

రెండవది వారాల గడియారం. మేతలోని శక్తిని బట్టి ఇన్సులిన్, గ్రోత్ హార్మోన్, కాలేయం తయారుచేసే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ మారుతుంటాయి. అవి మారినదాన్ని బట్టి ఎదను నడిపే హార్మోన్లు, అంటే పిట్యూటరీ నుంచి వచ్చే ఎల్‌హెచ్, అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్‌లు మారుతాయి. ఈ మార్పు ఒక పూటలో కనిపించదు, ఒక పూటలో సరికాదు.

ఎక్కువ మంది పొరబడేది ఈ రెండింటినీ కలిపివేయడం వల్ల. నిన్నటికీ ఈ రోజుకూ మధ్య పాలు ఉన్నట్టుండి తగ్గితే దాణా మార్చి లాభం లేదు, ముందు పితికే వేళ ఏం మారిందో చూడాలి. నెల రోజులుగా పాలు మెల్లగా జారుతున్నా, ఎద కనిపించకపోయినా పొదుగు దగ్గర ఎంత శ్రమపడినా ప్రయోజనం ఉండదు, గాడిని చూడాలి. పొదుగువాపు, జ్వరం వంటి జబ్బులు రెండింటికీ అడ్డుపడతాయి కనుక మొదట వాటిని తోసిపుచ్చాలి.

2. మొదలుపెట్టే ముందు సమకూర్చుకోవలసినవి

ఏ మార్పూ చేయకుండా వారం రోజుల పాటు ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. అది లేకపోతే తరువాత వచ్చిన ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు.

ఉండవలసిన వస్తువులు:
- ఒక్కో ఆవుకు ఒక్కో పేజీ కేటాయించిన నోటు పుస్తకం
- దాణాను, పచ్చిమేతను తూచడానికి వేలాడే తక్కెడ
- కొలతలు గీసిన పాల పాత్ర, సెకన్లు చూపే గడియారం లేదా ఫోను
- దర్జీ టేపు
- తొలి ధారలు చూడటానికి నల్లని అడుగు ఉన్న చిన్న గిన్నె
- ఆవుకొకటి చొప్పున శుభ్రమైన పొడి గుడ్డలు, చన్నులు ముంచే అయోడిన్ ద్రావణం

టేపుతో బరువు కట్టడం కష్టం కాదు. ముందు కాళ్ల వెనుక నుంచి ఛాతీ చుట్టుకొలతను, భుజం ఎముక కొన నుంచి పిరుదు ఎముక కొన దాకా పొడవును అంగుళాల్లో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చించి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 70 అంగుళాలు, పొడవు 62 అంగుళాలు ఉన్న ఆవు దాదాపు 460 కిలోలు తూగుతుంది. కంటి అంచనాతో దాణా పెట్టే చోట పెద్ద ఆవుకు తక్కువ, చిన్న ఆవుకు ఎక్కువ పడటం మామూలే.

రోజూ రాసుకోవలసినవి: పితకడం మొదలైన సమయం, ముగిసిన సమయం, పూటవారీ లీటర్లు, పెట్టిన దాణా కిలోలు, డెయిరీ స్లిప్పులో వచ్చిన వెన్న శాతం, ఎద లక్షణాలు ఏమైనా కనిపిస్తే వాటి సమయం.

3. పితికే వేళ పాటించవలసిన క్రమం

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి. ఖర్చు లేకుండా ఫలితం ఇచ్చేది ఇదే.

ఆక్సిటోసిన్ విడుదలైన కొద్ది నిమిషాలకే రక్తంలో విరిగిపోతుంది. పొదుగును తాకిన క్షణం నుంచి చేపు బలంగా రావడానికి ఒక నిమిషం, ఒక్కోసారి ఒకటిన్నర నిమిషం పడుతుంది. అక్కడి నుంచి అయిదారు నిమిషాలు మంచి ధార ఉంటుంది. ఈ వ్యవధిలోపల పని ముగించడమే లక్ష్యం.

మొదటి మెట్టు: పితకడానికి అరగంట ముందు రెండు పిడికిళ్ల చొప్ప ముక్కలు గానీ కాస్త పచ్చిమేత గానీ వేయండి. ఖాళీ కడుపు మీద దాణా పడితే పొట్టలో పులుపు పెరుగుతుంది కనుక ఈ కొంచెం మేత అవసరం.

రెండవ మెట్టు: పితికే మనిషి, పాత్ర, చోటు మార్చకండి. కొత్త మనుషులు, కుక్కలు, అరుపులు, కర్ర చప్పుడు దగ్గరలో ఉండకూడదు. ఆవు బెదిరితే ఆడ్రినలిన్ వస్తుంది. అది పొదుగుకు రక్తం చేరే నాళాలను కుదించి, అక్కడి కండర కణాల మీద ఆక్సిటోసిన్ పని చేయకుండా అడ్డుకుంటుంది. బెదిరింపు బలంగా ఉంటే మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదల కావడమే ఆగిపోతుంది. ఆవు పాలు దాచుకుందని దాన్ని కొట్టేవారు తాము కోరుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకమైన హార్మోన్‌ను పిలుస్తున్నారు.

మూడవ మెట్టు: దాణాలో ఆ పూట భాగాన్ని పొదుగు కడగడం మొదలుపెట్టేటప్పుడే గాడిలో వేయండి. ఆవు తింటూ ఉండగా పితికితే ఆక్సిటోసిన్ ఎక్కువగా విడుదలవుతుంది, ధార వేగంగా ఉంటుంది. అయితే ఒకసారి ఈ అలవాటు చేశాక ఏ పూటా తప్పకూడదు. దాణా కోసం ఎదురుచూసే ఆవుకు అది అందని పూట చేపు సరిగా రాదు.

నాలుగవ మెట్టు: పొదుగు మురికిగా ఉంటేనే నీళ్లతో కడగండి, అదీ చన్నుల వరకే. వెంటనే పొడి గుడ్డతో తుడవండి. తడి చన్నుల మీద పితికితే మురికి నీరు పాత్రలోకి దిగుతుంది, పొదుగువాపుకు దారి తీస్తుంది.

అయిదవ మెట్టు: ఒక్కో చన్ను నుంచి మూడు నాలుగు ధారలు నల్ల గిన్నెలోకి తీయండి. ముద్దలు, నీళ్లలాంటి పాలు, రక్తపు జీర కనిపిస్తాయేమో చూడండి. జబ్బును పట్టించడంతో పాటు చేపును పిలిచే బలమైన స్పర్శ కూడా ఇదే.

ఆరవ మెట్టు: తొలి స్పర్శ నుంచి 60 నుంచి 90 సెకన్లు గడిచాక అసలు పితుకుడు మొదలుపెట్టండి. పొదుగు నిండుగా ఉన్న ఉదయం పూట ఒక నిమిషం చాలు. సాయంత్రం పూట, లేదా ఈని ఎనిమిది నెలలు దాటి పాలు తగ్గిన ఆవుకు, పొదుగు సగమే నిండి ఉంటుంది కనుక చేపు ఆలస్యమవుతుంది. దానికి మర్దనా కాస్త ఎక్కువసేపు కావాలి. రెండు పూటలా ఒకే లెక్క పెట్టుకోవడం వల్లే చాలా కొట్టాల్లో సాయంత్రం పాలు తక్కువ పడుతున్నాయని నా అభిప్రాయం.

ఏడవ మెట్టు: అరచేతి నిండా చన్నును పట్టి, పిడికిలి పైనుంచి కిందికి మూస్తూ పితకండి. బొటనవేలు మడిచి, దాని మెటికతో నొక్కే పద్ధతి చన్ను లోపలి పొరను గాయపరుస్తుంది. నొప్పి పుట్టిన చన్ను మరుసటి పూట చేపుకు శత్రువవుతుంది. వేళ్లను పాలలో ముంచి తడుపుకోవడం మానండి.

ఎనిమిదవ మెట్టు: చేయి పడినప్పటి నుంచి ఏడెనిమిది నిమిషాల్లో ముగించండి. మధ్యలో లేచి ఫోను మాట్లాడి వచ్చేసరికి ఆ పూట ఆక్సిటోసిన్ అయిపోయి ఉంటుంది. ఆవు ఎక్కువ పాలిచ్చేదై, పితికేవారి చేయి నెమ్మదిగా ఉంటే ఇద్దరు చెరో వైపు కూర్చోవడమో, యంత్రం వాడటమో మేలు. యంత్రాన్ని చేపు రాకముందే తగిలించకూడదు, ధార ఆగాక కూడా వేలాడనివ్వకూడదు. రెండూ చన్ను కొనను గట్టిపరుస్తాయి.

తొమ్మిదవ మెట్టు: చివరి పాలను వదలకండి. తొలి ధారల్లో వెన్న ఒకటి రెండు శాతమే ఉంటుంది, చివరి ధారల్లో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. మేత మారకుండానే డెయిరీ స్లిప్పులో వెన్న శాతం పడిపోతే చేపు పూర్తి కావడం లేదని, పొదుగులో పాలు మిగిలిపోతున్నాయని ముందుగా అనుమానించండి.

పదవ మెట్టు: చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి, వెంటనే పచ్చిమేతను గాడిలో వేయండి. పితికిన తరువాత చన్ను రంధ్రం మూసుకోవడానికి దాదాపు అరగంట పడుతుంది. మేత ఉంటే ఆవు అంతసేపూ నిలబడి తింటుంది, పేడలో పడుకోదు. పక్కనే నీళ్లు కూడా ఉండాలి, పాలిచ్చిన ఆవు ఆ వెంటనే బాగా తాగుతుంది.

దూడ ఉన్న ఆవుల విషయం వేరుగా చెప్పాలి. నాటు రక్తం ఎక్కువగా ఉన్న ఆవులు దూడ వాసన, స్పర్శ లేకుండా సులువుగా చేపవు. వాటికి దూడను నిమిషం పాటు వదిలి, తరువాత ఎదురుగా కట్టి పితకడమే సరైన పద్ధతి. దూడ చనిపోయిన ఆవుకు ఆ రోజు నుంచే దాణా, మర్దనా, అదే మనిషి, అదే వేళ అనే నాలుగింటినీ తప్పకుండా కలిపి అలవాటు చేయాలి. వారం పది రోజులు ఓపిక పడితే చాలా ఆవులు దారికి వస్తాయి.

4. పూటల మధ్య ఎడం

పొదుగు నిండి ఒత్తిడి పెరిగేకొద్దీ పాల తయారీ నెమ్మదిస్తుంది. పొదుగులోనే పుట్టే సెరటోనిన్ వంటి పదార్థాలు ఇక చాలని కణాలకు సూచిస్తాయి. పాలు తీసిన ప్రతిసారీ ప్రొలాక్టిన్ విడుదలై తయారీని నిలబెడుతుంది. అందుకే ఒక పూట పాలు వదిలేస్తే నష్టం ఆ పూటతో ఆగదు.

డెయిరీ వేళలకు తగ్గట్టు ఉదయం 5 గంటలకు, సాయంత్రం 3 గంటలకు పితికేవారు పగలు 10 గంటల ఎడం, రాత్రి 14 గంటల ఎడం ఇస్తున్నారు. దీన్ని 11, 13కి తెచ్చినా, ముఖ్యంగా పాలు బాగా ఉన్న ఆవులకు, మేలే. మార్చదలిస్తే రోజుకు 15 నిమిషాల చొప్పున జరపండి. ఆదివారం పండగ అని గంట ఆలస్యం చేయడం, మళ్లీ సోమవారం పాత వేళకు రావడం మాత్రం వద్దు.

మూడు పూటలు పితకడం వల్ల పాలు పెరుగుతాయి. అయితే ఈని తొలి మూడు నెలల్లో ఉండి, రోజుకు 18 లీటర్లు దాటి ఇచ్చే ఆవుకు, అదనపు మేత పెట్టగలిగినప్పుడే దాని జోలికి వెళ్లండి. మేత పెంచకుండా మూడో పూట పితికితే ఆ పాలు ఆవు ఒంటి కొవ్వు నుంచి వస్తాయి, దాని ఖరీదు ఎద రాకపోవడం రూపంలో తరువాత చెల్లించవలసి వస్తుంది.

5. గాడిలో పెట్టేది హార్మోన్‌గా మారే తీరు

పాలిచ్చే ఆవు పొట్టలో దాణాలోని పిండి పదార్థం పులిసి ప్రొపియోనిక్ ఆమ్లంగా మారుతుంది. కాలేయం దాన్ని గ్లూకోజ్‌గా మారుస్తుంది, దానితో ఇన్సులిన్ పెరుగుతుంది. శక్తి చాలినంత అందుతున్నదని అండాశయానికి చేరే సూచనల్లో ఇన్సులిన్, ఐజీఎఫ్-1 ముఖ్యమైనవి.

ఈనిన కొత్తలో పాలు వేగంగా పెరుగుతాయి, ఆకలి మాత్రం వెనకబడి ఉంటుంది. అప్పుడు గ్రోత్ హార్మోన్ ఎక్కువగా, ఇన్సులిన్ తక్కువగా ఉండి, ఒంటి కొవ్వు కరిగి పాలకు వెళుతుంది. కాలేయం ఐజీఎఫ్-1ను తగినంత తయారు చేయదు. ఎల్‌హెచ్ విడుదల మందగిస్తుంది. అండం ఎదగదు, ఎద రాదు. ఈ కొరతను పూర్తిగా తప్పించలేము, లోతు తగ్గించగలం.

450 కిలోల బరువుండి 15 లీటర్లు ఇచ్చే ఆవుకు రోజు మేత ఇలా ఉండవచ్చు:
- నేపియర్ లేదా మొక్కజొన్న పచ్చిమేత 20 కిలోలు, తరిగి
- రాగి గడ్డి లేదా జొన్న చొప్ప 3 కిలోలు
- దాణా 7.5 కిలోలు: ఒంటి పోషణకు 1.5 కిలోలు, ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున మరో 6 కిలోలు
- ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు, దాణాలో ఇవి కలపని పక్షంలో
- ఎప్పుడు కావాలంటే అప్పుడు అందే నీళ్లు, రోజుకు 70 లీటర్లకు తగ్గకుండా

అలసంద, లూసర్న్ వంటి పప్పుజాతి మేత దొరికితే దాణా కొంత తగ్గించవచ్చు. దాణా ఒక్క విడతలో రెండున్నర కిలోలు దాటకూడదు. రెండు పూటలా పితికేటప్పుడు చెరో భాగం, మధ్యాహ్నం పచ్చిమేత మీద చల్లి మూడో భాగం పెట్టండి. దాణా రకం మార్చినా, పరిమాణం పెంచినా 10 నుంచి 14 రోజుల్లో మెల్లగా మార్చాలి.

ఎక్కువ తినే, ఎక్కువ పాలిచ్చే ఆవుకు మరో చిక్కుంది. దాని కాలేయంలో రక్త ప్రసారం ఎక్కువ కనుక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ త్వరగా విరిగిపోతాయి. ఫలితంగా ఎద కొన్ని గంటలే ఉండి, లక్షణాలు పలచగా కనిపిస్తాయి. దీనికి మేత తగ్గించడం మందు కాదు, ఎదను కనిపెట్టే సమయాలు పెంచాలి.

నగరంలో చవకగా దొరికే మేతల గురించి కొంచెం నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి.

హోటళ్ల అన్నం, మిగిలిన ఇడ్లీ పిండి: పిండి పదార్థం ఒక్కసారిగా పులిసి, పొట్టలో ఆమ్లం పెరిగి, ఆవు నెమరు మానేస్తుంది. వెన్న శాతం పడిపోతుంది, గిట్టలు పాడవుతాయి. దీన్ని మేతగా లెక్కపెట్టవద్దన్నదే నా సలహా.

బ్రూవరీ పిప్పి (బీరు తయారీలో మిగిలేది): మాంసకృత్తులు బాగానే ఉంటాయి, కానీ నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. తాజాగా తెచ్చుకోగలిగితే రోజుకు అయిదారు కిలోలకు మించకుండా, ఎండు మేతతో కలిపి వాడండి. కుళ్లిన వాసన వస్తే పారేయండి.

మార్కెట్ నుంచి వచ్చే క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు: వీటిలోని పదార్థాలు థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడతాయి. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పాలు, ఎద రెండూ దెబ్బతింటాయి, చూడి ఆవులకు బలహీనమైన దూడలు పుట్టవచ్చు. పచ్చిమేతలో నాలుగో వంతుకు మించనివ్వకండి, అయోడిన్ ఉన్న ఖనిజ మిశ్రమం తప్పనిసరి. చూడి చివరి నెలల్లో పూర్తిగా మానండి.

బూజు పట్టిన మేత: బూజు మొక్కజొన్నలో, చెడిన సైలేజ్‌లో (గాలి చొరకుండా పులియబెట్టి నిల్వచేసిన పచ్చిమేతలో) పుట్టే జియరాలినోన్ అనే విషం శరీరంలో ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తిస్తుంది. పెయ్యల పొదుగు అకాలంగా ఉబ్బడం, మానం వాచడం, క్రమం లేని ఎదలు కనిపిస్తే సైలేజ్ సంచి వైపు చూడండి. బూజు వేరుశనగ చెక్కలోని అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీయడమే కాక పాలలోకి కూడా దిగుతుంది. ఈ రెండు విషాలూ ఉడికించినా పోవు.

6. ఈనడానికి ముందు మూడు వారాలు, ఈనాక రెండు నెలలు

ఈనడానికి 60 రోజుల ముందు ఆవును వట్టిపోనివ్వండి. దాణా తగ్గించి, పితుకుడు ఆపి, పశువైద్యుని సలహాతో చన్నుల్లోకి మందు ఎక్కించండి. పొదుగు కణాలు కొత్తగా తయారవడానికి ఈ విరామం కావాలి.

చివరి మూడు వారాల్లో చాలా మంది కాల్షియం టానిక్ మొదలుపెడతారు. ఇది తలకిందులు పని. ఈనిన రోజు జున్నుపాలలోకి ఒక్కసారిగా కాల్షియం వెళ్లిపోతుంది. ఎముకల నుంచి దాన్ని తీసి రక్తంలో నిలబెట్టేది పారాథైరాయిడ్ హార్మోన్, విటమిన్ డి. ముందు నుంచీ బయట నుంచి కాల్షియం ధారాళంగా అందితే ఆ హార్మోన్ మేలుకోదు, ఈనిన రోజున ఆవు పాలజ్వరంతో కూలబడుతుంది. కాబట్టి ఈ మూడు వారాలు కాల్షియం టానిక్, లూసర్న్ ఆపండి. మెగ్నీషియం లోపం రానివ్వకండి. నోటి ద్వారా ఇచ్చే కాల్షియం జెల్‌ను ఈనిన వెంటనే మొదలుపెట్టండి.

ఇదే సమయంలో దాణాను మెల్లగా రెండు మూడు కిలోలకు పెంచితే ఈనాక ఎక్కువ దాణాకు పొట్ట సిద్ధంగా ఉంటుంది.

ఈనే నాటికి ఆవు మరీ లావుగా ఉండకూడదు. చివరి పక్కటెముకలు కంటికి అంతగా కనిపించకుండా, చేతికి తేలిగ్గా తగిలే స్థితి మంచిది. బాగా లావైన ఆవు ఈనాక తక్కువ తింటుంది, కొవ్వు వేగంగా కరిగి, రక్తంలో కీటోన్లు పేరుకునే కీటోసిస్ అనే జబ్బుకు గురవుతుంది.

ఈనాక చూసుకోవలసినవి:
- రోజూ దాణా తినే తీరు. పచ్చిమేత తింటూ దాణా వదిలేస్తే, నోటి నుంచి తియ్యని వాసన వస్తే కీటోసిస్ అనుమానించి వెంటనే డాక్టరును పిలవండి
- దాణాను రెండు రోజులకు అర కిలో చొప్పున పెంచడం
- 15 లీటర్లు దాటిన ఆవుకు డాక్టరు సలహాతో రోజుకు 100 నుంచి 200 గ్రాముల బైపాస్ ఫ్యాట్ (నెమరు పొట్టలో కరగకుండా పేగుకు చేరే కొవ్వు)
- మాయ పడిందా, దుర్వాసన ఉందా
- 30వ రోజున, 60వ రోజున టేపు కొలత

ఎద కోసం తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి 9 లేదా 10 గంటలకు ఆవు దగ్గర పదిహేను నిమిషాలు నిలబడి చూడాలి. కట్టేసి ఉన్న ఆవు వేరే ఆవు మీద ఎక్కే అవకాశం లేదు కాబట్టి మానం నుంచి వేలాడే, అద్దంలా మెరిసే తీగ, అరుపు, మాటిమాటికీ మూత్రం, ఆ పూట పాలు తగ్గడం వంటివే ఆధారాలు. వీలుంటే రోజుకు అరగంట విప్పి వదలండి. ఉదయం ఎద కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరుసటి ఉదయం కృత్రిమ గర్భధారణ చేయించాలి. ఈనాక తొలి 50 నుంచి 60 రోజుల్లో వచ్చిన ఎదను తేదీ రాసుకొని వదిలేయవచ్చు. అక్కడి నుంచి 21 రోజులకు ఒకసారి చూస్తూ ఉండాలి.

7. మార్చి నుంచి మే దాకా

బెంగళూరు ఎత్తు మీద ఉంది కనుక ఎండ బాధ లేదనుకోవడం రేకుల కప్పు కింద కట్టిన హెచ్ఎఫ్ ఆవుకు వర్తించదు. వేడికి కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి, థైరాయిడ్ మందగించి, ఆకలి తగ్గుతుంది. ఎద గంటలు కుదించుకుపోతాయి. మేతలో మూడింట రెండు వంతులు సాయంత్రం 6 తరువాత, తెల్లవారుజామున పెట్టండి. పితకడానికి ముందు పదిహేను నిమిషాలు ఒంటి మీద నీళ్లు చల్లి ఫ్యాను వేయండి, కానీ నీళ్లు పొదుగు మీదికి కారకూడదు. రేకుల మీద తెల్ల సున్నం పూసినా, చొప్ప పరిచినా తేడా ఉంటుంది.

8. తరచూ కనిపించే చిక్కులు, సవరణలు

తొలి ధార బాగా వచ్చి, అర నిమిషం ఆగి, మళ్లీ వస్తుంది: చేపు రాకముందే పితకడం మొదలైంది. 90 సెకన్ల నియమం పాటించండి.

మనిషి మారిన పూట పాలు తగ్గాయి: మామూలే. కొత్త మనిషిని వారం రోజులు పాత మనిషి పక్కన కూర్చోబెట్టి, పొదుగు తుడిచే పని ముందు అప్పగించండి.

తొలిచూలు పెయ్య తన్నుతోంది: ఈనడానికి నెల ముందు నుంచే రోజూ దాణా పెడుతూ ఒంటిని, పొదుగును నిమిరి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఇప్పుడైనా కాళ్లు కట్టడం తగ్గించి, అందరికంటే ముందు దాన్ని పితకండి. పొదుగువాపు ఉన్న ఆవును మాత్రం ఎప్పుడూ చివరనే పితకాలి.

పాలు బాగున్నాయి, ఎద లేదు, ఆవు చిక్కుతోంది: దాణా పాలకు తగ్గట్టు లేదు. ముందు తూచండి.

పాలు తక్కువ, ఎద లేదు, ఆవు లావుగా ఉంది: శక్తి కొరత కాదు. గర్భసంచి జబ్బు, అండాశయ గడ్డ, ఖనిజ లోపం వంటివి ఉండవచ్చు. చేయి పెట్టి పరీక్ష చేయించాలి. అప్పుడు వాడే హార్మోన్ ఇంజెక్షన్లు పశువైద్యుడు అండాశయాన్ని చూసి నిర్ణయించవలసినవి, మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి కావు.

9. ఆక్సిటోసిన్ సూదిని మాన్పించడం

కొన్న ఆవుతో పాటు ఈ అలవాటూ కొట్టంలోకి వస్తుంది. రోజూ సూది పడిన పొదుగు సొంత ఆక్సిటోసిన్‌కు సరిగా స్పందించదు, సూది లేని పూట పాలు మిగిలిపోతాయి. పాలు పెంచడానికి ఆవు ఆరోగ్యానికి హాని చేసే సూదిమందు వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం కూడా.

మాన్పించే క్రమం ఇది. మొదట పొదుగువాపు లేదని పరీక్ష చేయించండి. తరువాత మూడవ అంశంలోని క్రమాన్ని నాలుగైదు రోజులు పూర్తిగా అమలు చేస్తూ, పశువైద్యుని పర్యవేక్షణలో మోతాదును రెండు మూడు రోజులకు ఒకసారి తగ్గించుకుంటూ రండి. దూడ ఉంటే తప్పక వాడుకోండి. ఈ కాలంలో ఒక పూట పాలు సరిగా రాకపోతే రెండు గంటల తరువాత మళ్లీ పొదుగు మర్దించి పితకండి. కొన్ని రోజులు పాలు తగ్గుతాయి, దాన్ని ముందే లెక్కలో వేసుకోండి.

10. ఫలితాన్ని ఎప్పుడు, ఎలా చూడాలి

పితికే క్రమం మార్చిన ఫలితం వారం పది రోజుల్లో పుస్తకంలో కనిపించాలి. పూటకు పట్టే నిమిషాలు తగ్గుతాయి, వెన్న శాతం నిలకడగా ఉంటుంది. మేత మార్పు పాలలో రెండు మూడు వారాలకు, ఎదలో ఆరు నుంచి ఎనిమిది వారాలకు గాని తెలియదు. అందుకే రెండింటినీ ఒకే రోజు మార్చకండి. మొదటి రెండు వారాలు పితుకుడు, తరువాత మేత.

ఈనాక 90 రోజులైనా ఎద కనిపించని ఆవును, మూడుసార్లు కృత్రిమ గర్భధారణ చేయించినా చూడి కట్టని ఆవును ఇంటి వైద్యంతో ఆపకుండా పరీక్షకు తీసుకెళ్లండి. ఊళ్లో పశువైద్యశాల లేకపోతే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార వైద్య వాహనాన్ని అడగవచ్చు. చిక్కైన కేసులను హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. వెళ్లేటప్పుడు ఆ ఆవు పేజీ ఉన్న నోటు పుస్తకాన్ని వెంట పట్టుకెళ్లండి. ఈనిన తేదీ, ఎద తేదీలు, దాణా కిలోలు లేకుండా డాక్టరు మొదట అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేరు.